వృత్తి ఆంగ్ల బోధన: స్మార్ట్‌ఫోన్, అభ్యాసకుల ప్రేరణ – ఒక విమర్శ

ఒక వృత్తికి అవసరమైన మేరకు నేర్చుకునే ఆంగ్లాన్ని ప్రత్యేక ప్రయోజనాల ఆంగ్లం అంటారు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఈ అభ్యాసకులలో ప్రేరణ దానంతట అదే పెరుగుతుందనే వాదన తరచుగా వినిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

గార్డ్‌నర్, లాంబర్ట్ 1972లో వెలువరించిన గ్రంథంలో ప్రేరణను రెండు రకాలుగా చర్చించారు. భాష మాట్లాడే సమాజానికి దగ్గర కావాలన్న కోరిక ఇంటిగ్రేటివ్ ప్రేరణ. ఉద్యోగం వంటి ప్రయోజనం కోసం నేర్చుకోవాలన్న కోరిక ఇన్‌స్ట్రుమెంటల్ ప్రేరణ. వృత్తి ఆంగ్లం నేర్చుకునేవారిని నడిపించేది ముఖ్యంగా రెండోదే.

డుయోలింగో వంటి యాప్‌లు పాయింట్లు, వరుస రోజుల లెక్క చూపి రోజూ ఫోన్ తెరిపిస్తాయి. అలవాటు పడడానికి ఇది మేలే. అయితే ఆ లెక్క మీ హాజరును చెబుతుంది. మీరు పనిలో ఆ భాషను వాడగలరో లేదో చెప్పదు.

నర్సు ఉద్యోగాన్నే తీసుకోండి. రోగి 'సలుపుతోంది', 'పొడుస్తోంది', 'మంటగా ఉంది' అంటే మన నర్సు తేడా వెంటనే గ్రహిస్తుంది. ఆంగ్లంలో వీటికి త్రాబింగ్, స్టాబింగ్, బర్నింగ్ అనే వేర్వేరు మాటలున్నాయి. నొప్పికి 'పెయిన్' అని మాత్రమే నేర్పే పాఠానికి ఎన్ని పాయింట్లు వచ్చినా ఆమెకు వార్డులో అక్కరకు రావు. ఆరోగ్య వృత్తుల వారి కోసం నిర్వహించే ఓఈటీ పరీక్షలో అభ్యర్థి రోగితో మాట్లాడే సన్నివేశాన్ని నటించి చూపాలి. అక్కడ పరీక్షించేది ఈ సామర్థ్యాన్నే.

హచిన్సన్, వాటర్స్ 1987లోనే అభ్యాసకుల అవసరాలను మూడు కోణాల్లో చూడమన్నారు: పనికి తప్పనిసరైనది, ఇప్పుడు కొరవడినది, అభ్యాసకులు కోరుకునేది. చాలా యాప్‌లు మూడోదాన్ని ఆకట్టుకుని మొదటి రెండింటినీ వదిలేస్తాయి. నా విమర్శ ఫోన్‌పై కాదు, ఈ క్రమంపైన.

దూరవిద్యలో ఉన్న మీకు ఫోన్ విలువ తక్కువది కాదు. మీ గొంతు రికార్డు చేసి వినవచ్చు, ఉచ్చారణ సరిచూసుకోవచ్చు, సహాధ్యాయితో రోగి–నర్సు సంభాషణ సాధన చేయవచ్చు. డ్యూటీ ముగిశాక మిగిలే అరగంట పాయింట్లకే ఖర్చు కాకూడదు. నిన్న చేయలేని పనిని ఇవాళ ఆంగ్లంలో చేయగలగడమే నిలకడైన ప్రేరణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ వృత్తిలో ఆంగ్లంతో చేయవలసిన మూడు పనులు రాయండి. మీరు వాడుతున్న యాప్ వాటిలో దేనికి తోడ్పడుతుందో విమర్శించండి.