కుటుంబచరిత్రయు సత్యమును

వంశచరిత్రము వ్రాయువారు సాధారణముగాఁ బూర్వులకు హారతి పట్టుదురు. ఎడ్వర్డు బాల్ 1998లోఁ బ్రకటించిన ‘స్లేవ్స్ ఇన్ ది ఫ్యామిలీ’ యను నాంగ్లగ్రంథ మట్టిది కాదు. అమెరికాలోని దక్షిణ కరోలినాయందు వరిసేద్యముచే ధనము గడించిన కుటుంబ మాతనిది. 1698లో వచ్చిన యిలయాసు బాల్ మొదలు 1865లో దాస్యము తొలఁగువఱకు 4,000కు దగ్గఱగా బానిసలు వీరి చేతిక్రింద నుండిరి.

తమ పెద్దలు దయగల దొరలనియు, దాసీజనముతో వారికి సంబంధము లేదనియు నింటఁ జెప్పుకొనుచుండిరి. గ్రంథకర్త యింటి లెక్కపుస్తకములనే సాక్షులుగాఁ బిలిచి యా మాటను బరీక్షించెను, అది నిలువలేదు. 1756లో సియెర్రా లియోన్ నుండి తేఁబడి వీరికి విక్రయింపఁబడిన పదేండ్ల ప్రిసిల్లా సంతతిని వెదకి కనుఁగొని, వారి యిండ్లకుఁ బోయి, వారు చెప్పినది వినెను. బంధువులు కొందఱు కోపించిరి.

గ్రంథకర్త పశ్చాత్తాపము కొన్నియెడలఁ బీడితుల కథకు ముందు నిలుచుచున్నదని మా యాక్షేపణ. క్షమాపణ చెప్పినవానికి మనసు తేలికపడవచ్చును గాని, విన్నవారి నష్టము తీఱదు. అయినను గ్రంథము పఠనీయము. తాత చేసిన పాపము మనుమనిది కాదు. ఆ పాపమువలన వచ్చిన భూమిని, విద్యను ననుభవించుచు దానిని దాఁచుట మాత్రము మనుమని పాపమే.

మన వంశవృక్షములలోఁ గోడండ్ర పేర్లును, పొలము దున్నిన పాలేళ్ల పేర్లును దఱచుగాఁ గానరావు. తాతల దానపత్రములు చూపి మురియువారు, అదే పెట్టెలోని తాకట్టుపత్రములనుగూడఁ జదువవలెను.