తెరకు కులం లేదా?

2021 మే నెలలో యూజీసీ 'బ్లెండెడ్' బోధన మీద ఒక పత్రం తెచ్చింది. ప్రతి కోర్సులో నూటికి 40 పాళ్ళు ఆన్‌లైన్లో చెప్పుకోవచ్చంది. మా ప్రశ్న ఒక్కటే: ఆ 40 పాళ్ళు మా పిల్లలు ఎక్కడ కూర్చుని వినాలి?

2020లో హాస్టళ్ళు మూసేస్తే మైలవరం చుట్టుపక్కల పల్లెలకు పెట్టెలు సర్దుకుని వచ్చారు. అది మామిడికాయల కాలం. ఇంట్లో ఒకటే గది, ఒకటే ఫోను. ఆ ఫోను నాన్నతో పాటు తోటకి పోతుంది. సిగ్నల్ కోసం డాబా ఎక్కుదామంటే డాబాలు ఊళ్ళోవాళ్ళవి. 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ ఉన్నవి నూటికి 15. అందులో మాలమాదిగల ఇళ్ళెన్నో వేరే చెప్పాలా?

తెర ముందు అందరూ సమానమేనని పెద్దలంటారు. 2021 ఏప్రిల్లో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల ప్రిపరేటరీ కోర్సు నడిచింది ఆ తెర మీదే. అక్కడే ఒక ప్రొఫెసరు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నాలుగు గోడల మధ్య ఇలాంటి తిట్లు గాలికి పోతాయి, మేము చెబితే సాక్ష్యం ఏదంటారు. ఇవి రికార్డయ్యాయి, దేశమంతా విన్నది, ఆమెను సస్పెండ్ చేయక తప్పలేదు.

రికార్డు పాఠంతో ఇంకో మేలూ ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడు ఇంగ్లీషు పాఠం అందక 'మళ్ళీ చెప్పండి సార్' అంటే ముందు బెంచీలు నవ్వుతాయి. రికార్డు పదిసార్లు విన్నా నవ్వేవాడు లేడు. 1982లో పుట్టి తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం మీద మాకు గౌరవమే. కానీ దూరవిద్య తరగతికి రాలేనివాళ్ళ కోసం. సీటు తెచ్చుకున్నవాణ్ణి ఇంటికి పంపడానికి కాదు.

యూనివర్సిటీ అంటే మాకు పాఠం ఒక్కటే కాదు. మెస్సులో రెండుపూటలా అన్నం, లైబ్రరీలో లైటు, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మీటింగు. 2015 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రోహిత్ వేములతో సహా ఐదుగురు పరిశోధకులకు వేసిన శిక్ష ఏమిటి? డిపార్ట్‌మెంటుకు రావొచ్చు, హాస్టల్లో ఉండకూడదు. వాళ్ళు ఆరుబయట గుడారం వేసి 'వెలివాడ' అన్నారు. ఇప్పుడు అదే ఏర్పాటును సౌకర్యమంటున్నారు.

ఆన్‌లైన్ పెట్టండి, కాదనం. ఆ రోజుల్లోనూ హాస్టలు తెరిచే ఉండాలి, మెస్సు నడవాలి, ప్రతి పాఠం రికార్డు మా చేతికి రావాలి.