పద్ధతి నాది, ప్రశ్న దానిది

ఈ వారం ఒక సంగతి నాకు భలే నచ్చింది. పోలవరం ప్రాజెక్టు మీద రాద్దామని, పాత వివరాలు తీసిపెట్టమని నా ఏఐ ఏజెంటుకు చెప్పాను. అది తయారుచేసిన నోటు చూసి ముచ్చటేసింది. వివరాలన్నీ ఏడాది వరసలో ఉన్నాయి. ప్రతి అంకె పక్కనే అది ఏ పత్రంలోదో ఉంది. లెక్కలు కుదరని చోట్లు అడుగున విడిగా ఉన్నాయి. విశేషణం ఒక్కటీ లేదు. ఇలా కావాలని ఈసారి నేను చెప్పనేలేదు. ఇదివరకు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంది.

పనిముట్టే మనిషికి అలవాటు పడాలని ఈ కాలమ్‌లో ఎప్పటినుంచో వాదిస్తున్నాను. తెలుగు టైపింగులో యాపిల్, మాడ్యులర్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుల గొడవ వచ్చినప్పుడల్లా నాది ఒకటే మాట: ఎవరి వేళ్లకు అలవాటైంది వాళ్లకు ఉండనివ్వండి. అలాంటిది, మన తీరును తనంతట తానే పట్టుకునే సహాయకుడు దొరికితే ఇంకేం కావాలి అనిపించింది.

ఇందులో మాయేమీ లేదు. లోపలి మోడల్ అందరికీ ఒకటే. మన గురించి రాసిన చీటీ ఒకటి పనికి ముందు దానికి అందుతుంది, అంతే. చాట్‌జీపీటీలో ఆ చీటీని మనమే రాసుకునే వీలు 2023 జులైలో వచ్చింది. దానంతట అదే రాసుకునే ‘మెమరీ’ని 2024 ఫిబ్రవరిలో పరీక్షించడం మొదలుపెట్టారు. ప్రోగ్రామర్లు వాడే క్లాడ్ కోడ్ అయితే ప్రాజెక్టు ఫోల్డర్‌లోని ఒక మామూలు టెక్స్ట్ ఫైలును ప్రతి సెషన్ మొదట్లో చదువుకుంటుంది.

చీటీ అంటే మా డెస్కులోని ప్రూఫ్ రీడర్ పెద్దాయన గుర్తొస్తారు. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో రచయితకో పేజీ. ఒకరి పేజీలో ‘“కాబట్టి”లు ఎక్కువ, రెండోది కొట్టేయవచ్చు’ అని, ఇంకొకరి పేజీలో ‘అడగకుండా కామా కూడా పెట్టరాదు’ అని ఉండేది. నా పేజీలో ‘వాక్యం పొడవైతే రెండు చేయవచ్చు, సామెత ముట్టుకోరాదు’ అని రాసుకున్నారు. ఆయన దిద్దిన తర్వాత కూడా ఎవరి వ్యాసం వాళ్లు రాసినట్టే ఉండేది.

ఆయన పని ఒక్క విషయంలో మాత్రం ఆ పేజీలకు లొంగేది కాదు. ఏడాదో, అంకో, ఊరి పేరో కనబడితే పెన్సిలుతో సున్నా చుట్టేవారు. నా బల్ల దగ్గరికొచ్చి “బాబూ, ఈ ఏడాది ఎక్కడిది?” అనేవారు. ఎడిటర్ గారి గది గుమ్మంలో నిలబడి “అయ్యా, ఈ ఏడాది ఎక్కడిది?” అనేవారు. పిలుపు మారేది, ప్రశ్న మారేది కాదు. ఎడిటర్ గారికి విసుగని ఆయనకు తెలుసు. పేజీ వెళ్లిపోయే వేళైందనీ తెలుసు. అయినా జవాబు రానిదే కాపీ కదిలేది కాదు. డెస్కు మొత్తం ఆయన్ని నమ్మడానికి కారణం ఆ ప్రశ్నే.

ఆయన గుర్తొచ్చి, ఏజెంటు మెమరీ పేజీ తెరిచి మొదటినుంచీ చదివాను. నేను చెప్పినవాటి మధ్య ఒక వాక్యం కనబడింది: ‘వీరికి అభ్యంతరాలు క్లుప్తంగా చాలు.’ ఎప్పుడో ఒక వ్యాసానికి అడిగిన మాటను నా స్వభావంగా రాసుకుంది. పోలవరం నోటు అడుగుభాగం అంత పొట్టిగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ‘వ్యయ అంచనాల్లో తేడాలున్నాయి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఆ తేడా ఎంతో చూడండి: 2017–18 ధరల ప్రకారం సాంకేతిక సలహా కమిటీ ఒప్పుకున్నది 55,548 కోట్లు. సవరించిన వ్యయ అంచనాల కమిటీ సిఫార్సు చేసింది 47,725 కోట్లు. మధ్యలో దాదాపు ఎనిమిది వేల కోట్లున్నాయి. నా వ్యాసం మొదలవ్వాల్సింది సరిగ్గా అక్కడే.

మన ఇష్టాన్ని చూసి నేర్చుకునేదానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓలో తెచ్చిన ఒక మార్పును కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మోడల్ మరీ ముఖస్తుతికి దిగిందని, వాడకందార్ల తాత్కాలిక మెప్పుకు తాము ఎక్కువ విలువిచ్చామని ఆ సంస్థే చెప్పింది. మెప్పును బట్టి నేర్చుకుంటే మొదట పోయేది మనకు విసుగు తెప్పించే పని. సరిచూడమని అడగడం కంటే విసుగు తెప్పించేది ఏముంటుంది?

అందుకే దానంతట అది నేర్చుకునే ఏర్పాటును ఆపేశాను. చీటీ నేనే రాశాను: ‘వాక్యం తీరు నా ఇష్టం. లెక్క కుదరని చోట నా ఇష్టంతో పనిలేదు, రెండు పత్రాలూ పూర్తిగా పెట్టు. క్లుప్తంగా చెప్పమంటే ఆ మాట ఆ ఒక్క పనికే.’ ఇకమీదట నోట్లు పొడుగ్గా వస్తాయి, చదవడానికి పొద్దుపోతుంది. పోనివ్వండి. మీకూ ఇలాంటి ఏజెంటు ఉంటే, మీ గురించి అది ఏం రాసుకుందో ఈ వారమే చదవండి. మీ పద్ధతులు ఉంచండి. మిమ్మల్ని ప్రశ్నించకుండా ఆపే వాక్యం ఏదున్నా కొట్టేయండి.