నకలులో జారిపోయే పేర్లు

మాలో చాలామందికి అసలు చిత్రాన్ని చూసే అవకాశం రాదు. పాఠ్యపుస్తకంలో బొమ్మ, గోడమీద క్యాలెండర్, సెల్‌ఫోన్ తెర, ఎవరో చేత్తో వేసిన నకలు... మాకు తెలిసిన చిత్రకళ ఇంతే. అందుకే నకలును మేము చిన్నచూపు చూడలేం. అసలు చూసినవాడికి నకలు ఒక జ్ఞాపకం. చూడనివాడికి నకలే అసలు. కాబట్టి నకలు వేసేవాడి నిజాయితీ మా లాంటివాళ్లకే ఎక్కువ అవసరం.

ఈ మాటను స్పెయిన్ దేశపు ఆంబోతు పోరు బొమ్మలతో పరీక్షించి చూద్దాం. ఇవి పుస్తకాల చుట్టూ పుట్టిన బొమ్మలు. 1777లో మొరాతిన్ అనే కవి ఈ పోరు ఎలా పుట్టిందో చెబుతూ లేఖ రూపంలో ఒక చిన్న చరిత్ర రాశాడు. 1790లో కార్నిసెరో అనే చిత్రకారుడు పోరులోని ఘట్టాలను వరుస బొమ్మలుగా వేశాడు. 1796లో పెపె ఇల్యో అనే పేరుమోసిన పోరుగాడి పేరుతో పోరు విద్య మీద పుస్తకం వచ్చింది. ఆ పెపె ఇల్యోయే 1801లో మాడ్రిడ్ బరిలో ఆంబోతు కొమ్ములకు బలయ్యాడు. 1816లో గోయా 33 బొమ్మల ‘తౌరోమాకియా’ అచ్చువేశాడు. అందులో మొదటి బొమ్మలకు మొరాతిన్ రాత ఆధారమని పండితులు అంటారు. చివరి బొమ్మ పెపె ఇల్యో చావు.

నకలుకు రంగు వేయడమే తప్పని మేము అనడం లేదు. కార్నిసెరో బొమ్మలకు ఆ రోజుల్లోనే చేత్తో రంగులు అద్ది అమ్మారు. ఎవరు ఏ బట్ట కట్టారు, ఎవరి చేతిలో ఏముంది అని చెప్పే బొమ్మలవి. అక్కడ రంగు సమాచారమే. గోయా పని వేరు. ఆయన రాగిరేకు మీద గీసి, ఆమ్లంతో కొరికించి, నలుపు నుంచి తెలుపు దాకా నీడలు రాబట్టాడు. ఆ నీడలతోనే ఆయన మాట్లాడాడు.

21వ బొమ్మ చూడండి. ఆంబోతు బరి దాటి ప్రేక్షకుల మెట్లమీదికి దూకింది. తొర్రెహోన్ ఊరి పెద్ద దాని కొమ్ముల మీద వేలాడుతున్నాడు. జనమంతా ఒక పక్కకు తోసుకుపోతున్నారు. రెండో పక్క దాదాపు ఖాళీ. ఒక క్షణం ముందు అక్కడ మనుషులు కూర్చున్నారని ఆ ఖాళీయే చెబుతుంది. మేము చూసిన ఒక రంగు నకలులో ఆ ఖాళీని పసుపుతో, నీలి ఆకాశంతో నింపేశారు. పనితనం బాగానే ఉంది. భయం మాత్రం పోయింది. గోయా అచ్చు వెడల్పు 35 సెంటీమీటర్లే. చేతిలో పట్టుకుని దగ్గరగా చూడాల్సిన బొమ్మ. దాన్ని గోడంత చేసి రంగులు పూస్తే అది సోఫా వెనక అలంకారం అవుతుంది.

ఇంతకన్నా పెద్ద నష్టం పేర్లది. 1816 అచ్చుల్లో రేకు మీద ఉన్నది అంకె మాత్రమే. బొమ్మల పేర్లు విడిగా ఒక కాగితం మీద వేశారు. నకలు వేసేవాడు ఆ కాగితాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది?

12వ బొమ్మలో ఈటెలు, నెలవంకలాంటి కత్తి బిగించిన కర్రలు పట్టుకున్న గుంపు ఆంబోతు కాలి నరాలు తెగ్గొడుతోంది. ఆ గుంపుకు శీర్షికలో ఉన్న మాట ‘కనాయ’, అంటే అలగా జనం. దొరలు గుర్రమెక్కి పొడిస్తే శౌర్యం, పేదలు గుంపుగా పొడిస్తే అలగాతనం. ఆ మాట తీసేసి ‘ఆంబోతు పోరు’ అని అమ్మితే బొమ్మ మర్యాదగా కనిపిస్తుంది. కానీ ఎవరు ఎవరిని ఏమని పిలిచారో మనకు తెలియకుండా పోతుంది. అవమానం కూడా ఒక సాక్ష్యమే. దాన్ని తుడిచేయడం న్యాయం కాదు.

24వ బొమ్మ మాకు మరీ దగ్గరిది. ఒకడు ఆంబోతుకు జీను కట్టి, దాని మీదెక్కి, చేతిలో పొట్టి బల్లెంతో ఇంకో ఆంబోతును ఎదుర్కొంటున్నాడు. అతని పేరు మరియానో సెబాయోస్. దక్షిణ అమెరికా నుంచి వచ్చినవాడు. 23వ బొమ్మ శీర్షికలో అతని పేరు పక్కనే ‘ఇండియన్ అనబడే’ అని ఉంది. కొలంబస్ దారితప్పి పెట్టిన పేరు అది. మనల్ని కూడా బయటివాళ్లు ఏజెన్సీవాళ్లు, కొండవాళ్లు అన్నారు. అది ఎలా ఉంటుందో మనకు తెలుసు. అయినా గోయా అతన్ని మరిచిపోలేదు. 1825లో, ముసలితనంలో, బోర్డో పట్టణంలో రాతి అచ్చు మీద వేసిన నాలుగు బొమ్మల్లో ఒకటి మళ్లీ సెబాయోస్‌దే. శీర్షిక పోయిన నకలులో మాత్రం అతను ఎవరో ఒక స్పెయిన్ వీరుడు. సముద్రం దాటి వచ్చిన ఆదివాసీ ఊసే ఉండదు.

ఇందులో నకలు వేసే చేతుల తప్పే ఉందని అనుకోకండి. చైనాలోని దాఫెన్ అనే చోట ఎంతోమంది చిత్రకారులు ప్రపంచానికి తైలవర్ణ నకళ్లు వేసి పంపుతూ బతికారు. నకలు కింద అసలు చిత్రకారుడి పేరుంటుంది. వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. నకలులో సెబాయోస్ పేరు ఎలా జారిపోయిందో, నకలు వేసిన కూలీ పేరూ అలాగే జారిపోయింది.

మన సంగతీ అంతే. సవరల గోడబొమ్మ ఒక ఇంటి కోసం, ఒక పెద్ద ఆత్మ కోసం, ఒక కారణం కోసం వేసింది. ఇప్పుడది బట్ట మీదా కాగితం మీదా అమ్ముడవుతోంది. సంతోషమే, నాలుగు రూపాయలు వస్తాయి. కానీ ఎవరింటి బొమ్మ, ఎందుకు వేశారు, ఎవరు వేశారు అన్న మూడు మాటలు దానితో పాటు ప్రయాణం చేయడం లేదు.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. పిల్లలతో ఏ బొమ్మ నకలు వేయించినా వెనకవైపు నాలుగు వరుసలు రాయించండి. అసలు ఎవరిది, ఎప్పటిది, బొమ్మలో ఉన్నది ఎవరు, నకలు వేసింది ఎవరు. నాలుగో వరుసలో పిల్లవాడు తన పేరు, తన ఊరి పేరు రాసుకోవాలి.