చెమ్మను పోనిచ్చే గోడ

పాలమూరు, నల్లగొండ అంటే వానకు మొహం వాచిన నేలలని పేరు. ఏడాది మొత్తం మీద సుమారు 600, 700 మిల్లీమీటర్ల వాన పడితే రైతు ఊపిరి పీల్చుకుంటాడు. అలాంటి చోట ఇంట్లో చెమ్మ గురించి రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. పడే ఆ కాస్త వానలో ఎక్కువ భాగం మృగశిర నుంచి నాలుగు నెలల్లోనే పడుతుంది. ముసురు పట్టిన వారంలో బీరువాను గోడ నుంచి జానెడు దూరం జరిపి చూడండి. నల్లటి చుక్కలు, ఉబ్బిన రంగు కనిపిస్తాయి, ముక్కిన వాసన వస్తుంది. ఆ అర్రలో పడుకున్న పిల్లలు తుమ్ములతో లేస్తారు, ముసలమ్మకు దమ్ము, అదే ఉబ్బసం, తిరగబెడుతుంది. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని వారు దమ్ముకు వేసే చేప మందు కోసం బస్సెక్కేవాళ్లలో ఈ రెండు జిల్లాల వాళ్లూ ఉంటారు. ఆ మందు పని చేస్తుందని వైద్య పరీక్షల్లో తేలిందేమీ లేదు. దమ్ముకు ఏ కాలం గడ్డు కాలమో మాత్రం ఆ వరుసలో నిలబడ్డవాళ్లకు బాగా తెలుసు.

మందుల సంగతి డాక్టర్లకు వదిలేసి, ఇక్కడి పాత సుతారి మేస్త్రీల పనితనం చూద్దాం. చెమ్మను వాళ్లు పట్టించుకున్న తీరు చూస్తే, ఇంటిని కట్టడమంటే ఏమిటో వాళ్లకు మనకంటే బాగా తెలుసనిపిస్తుంది.

కింది నుంచి మొదలుపెడదాం. ఈ ఎత్తు నేలల అడుగున ఎక్కువగా గ్రానైటు. అది నీళ్లు పీల్చదు. పీల్చేది రాళ్ల మధ్య పెట్టిన మట్టి. మంచి సుతారి పునాదిలో పెద్ద రాళ్లు పేర్చి, సందుల్లో రాతి ముక్కలు దూర్చి, మట్టి వీలైనంత తక్కువ పట్టేలా కడతాడు. నేలలోని తడి పైకి పాకాలంటే సన్నటి దారులు కావాలి. ఆ దారులు అక్కడే చాలావరకు తెగిపోతాయి. ఆ పైన అరుగు. అరుగు మీద కూర్చుని ముచ్చట్లాడుకోవడం తర్వాతి మాట, వాన చినుకులు చిట్లి గోడ మీద పడకుండా ముందు అదే కాస్తుంది. నల్లరేగడి ఉన్న ఊళ్లలో అరుగు ఇంకాస్త ఎత్తు ఉండాల్సిందే. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, తడిని వారాల తరబడి వదలదు.

ఇంత చేసినా కొంత తడి గోడలోకి ఎక్కుతుంది. అసలు పనితనం ఇక్కడి నుంచి. మట్టితో కట్టిన రెండడుగుల మందం రాతి గోడకు లోపలా బయటా సున్నం పూత వేస్తారు. ఆ పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. గోడలో చేరిన తడి వాటి గుండా ఆవిరై బయటికి పోతుంది. ఈ నేలకు ఏటా ఎనిమిది నెలల పొడి గాలి ఉంది, మార్చి నుంచి మండే ఎండ ఉంది. సుతారి లెక్క వాటి మీదే. నాలుగు నెలలు గోడ తడిసినా మిగతా ఎనిమిది నెలలు ఆరుతుంది. తడిని పూర్తిగా ఆపాలన్న పట్టుదల అతనికి లేదు.

ఆ సున్నం తయారీ చిన్న పని కాదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో బట్టీలో కాలుస్తారు. అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి రాతిసున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే బుసలుకొడుతూ పొంగి, మెత్తని ముద్దవుతుంది. ఆ ముద్దనూ ఇసుకనూ, కొన్ని చోట్ల ఇటుక పొడినీ కలిపి గానుగలో పోస్తారు. గుండ్రటి రాతి కాలువ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దు. ఎంత నూరితే అంత జిగురు. అదే డంగు సున్నం. నూరేటప్పుడు బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోస్తారు. మామూలు నీళ్లలో కంటే తీపి నీళ్లలో సున్నం ఎక్కువగా కరుగుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది. తాతల నాటి మేస్త్రీలకు ఈ లెక్క తెలియకపోవచ్చు, తాపీ కింద ముద్ద ఎలా జారుతుందో తెలుసు. యాదగిరిగుట్ట ఆలయాన్ని తిరిగి కట్టి 2022 మార్చిలో తెరిచారు కదా, అక్కడి కృష్ణశిలలను అతకడానికి వాడిందీ సిమెంటు కాదు, సున్నం, బెల్లం, కరక్కాయ, కలబంద కలిపిన ముద్దే. కొత్త గుడికి పనికొచ్చిన పాత విద్య అది.

పూత వేశాక సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. నెలలు పట్టే పని. ఈలోగా దాని క్షారగుణం చాలా ఎక్కువ, తాజా సున్నం పీహెచ్ 12 దాటి ఉంటుంది. బూజు అక్కడ బతకలేదు. రాయిగా మారిపోయాక ఆ ఘాటు తగ్గుతుంది, అప్పుడు బూజుకు మళ్లీ చోటు దొరుకుతుంది. పండుగ ముందు ఇంటింటా గోడలకు సున్నం వేసే అలవాటు వెనక అందం, ఆచారం ఉన్నాయి, నిజమే. గోడకు ఏటా ఘాటును మళ్లీ ఎక్కించడం కూడా అందులోనే జరిగిపోతుంది. పండుగ వంకతో ఇంటి మరమ్మతు చేయించిన పెద్దల తెలివికి నేను దండం పెడతాను.

ఈ గోడలో నాకు అన్నిటికంటే నచ్చింది పూత బలహీనత. నేలలోంచి నీటితో పాటు ఉప్పూ ఎక్కుతుంది. నల్లగొండ భూగర్భజలాల్లో ఏమేం కరిగి ఉంటాయో ఆ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నీరు ఎక్కడ ఆవిరవుతుందో ఉప్పు అక్కడ పేరుకుని, గింజకట్టి, చుట్టూ ఉన్నదాన్ని నెట్టేస్తుంది. సున్నం పూత రాయి కంటే మెత్తన కాబట్టి పూతే రాలుతుంది, రాయి నిలుస్తుంది. సైకిలుకు పంక్చరైన ట్యూబు మార్చినట్టు ఆ పూతను మార్చుకుంటే సరిపోతుంది. రాలిపోవడానికి సిద్ధంగా ఉండేదాన్ని కావాలని పైన పెట్టడం ఎంత ముందుచూపు!

ఇదే ఉప్పు మిద్దె మీద చుట్టమవుతుంది. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలోనూ, మక్తల్ వైపూ మిద్దె ఇళ్ల కప్పు మీద చవుడు మట్టి పోస్తారు. గింజ మొలవని ఆ మట్టిలో ఉండే సోడియం, బంకమట్టి రేణువులను విడదీసి సందులు పూడ్చేస్తుంది. తడిసిన పై పొర బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. పొలంలో పనికిరానిది ఇంటి మీద పనికొచ్చింది. వానలకు ముందు ఏటా కొంచెం కొత్త చవుడు పోసి, వాలు సరిచేసుకోవాలి. ఒక్క ఏడాది బద్ధకిస్తే దంతెల మీదికి నీళ్లు దిగుతాయి. నల్లగొండ వైపు పెంకుటిళ్లది వేరే దారి. కుమ్మరి చేసిన గూనపెంకుల సందుల్లోంచి గాలి ఎప్పుడూ ఆడుతుంది, అర్రలో ఉక్క నిలవదు. కోతులు పెంకులు జరిపేస్తే ఇల్లు కారుతుందనుకోండి, అది వేరే గొడవ.

మిద్దె కప్పులో గవాచి ఉంటుంది. వెలుగు కోసమని అందరూ అంటారు. వేడెక్కిన తడి గాలి పైకి పోయే దారి కూడా అదే. వంటింటి పొగ దాని గుండానే పోయేది, వాసాలకు చెదలు పట్టకుండా ఆ పొగే కాసేది. ఇక్కడ పాత ఇంటిని వెనకేసుకురాను. ఆ పొగకు కప్పు నిలిచింది గానీ, పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల ఊపిరితిత్తులు మసిబారాయి. గ్యాసు పొయ్యి రావడం మంచిదైంది. అయితే పొయ్యి మార్చిన చేత్తోనే గవాచిని కూడా మూసేశాం. అన్నం ఉడికిన ఆవిరి ఇప్పుడు అర్రలోనే తిరుగుతోంది.

ఈ చెమ్మకూ తుమ్ముకూ ఉన్న లంకెను 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వోర్‌హార్స్ట్, స్పీక్స్మా అనే పరిశోధకులు పట్టుకున్నారు. ఇంటి దుమ్ములో ఉబ్బసాన్ని రేపేది అందులో బతికే నలుసంత పురుగని చూపించారు. చెమ్మ ఇళ్ల దుమ్ములో ఆ పురుగు ఎక్కువని కూడా గమనించారు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని తిండి. నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంటికి పట్టించుకుంటుంది. గాలిలో తేమ సుమారు 50 శాతం కంటే కింద ఎక్కువ రోజులు ఉంటే ఎండిపోతుంది. దాని మలంలోని ప్రొటీన్లే ముక్కును రేపేవి. ఇళ్లలో చెమ్మ, బూజు గురించి 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే విడుదల చేసింది. ఈ లెక్కన నులక మంచం ఎంత పనిమంతురాలో చూడండి. పురుగు దాక్కోవడానికి అందులో దూది లేదు, అడుగు నుంచి గాలి ఆడుతుంది. ఇద్దరు పట్టుకుంటే ఎండలోకి పోతుంది. దాని మీది బొంతను ఉతికి పిట్టగోడ మీద ఆరేస్తారు. అరడుగు మందం నురగ పరుపును కొన్ననాటి నుంచి ఎండకు మోసుకెళ్లినవాళ్లు నాకింకా తారసపడలేదు.

ఇంత చక్కగా పనిచేసే గోడ ఇప్పుడు ఎందుకు ఉబ్బుతోంది? సున్నం రాలుతోందని చెక్కేసి సిమెంటు పూస్తున్నాం. పైన పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ రంగు. కింద బండల మధ్య సున్నం సందుల్లోంచి నేల తడి కొంత బయటపడేది, ఇప్పుడు నున్నటి టైల్సు పరిచి ఆ దారీ మూసేశాం. నేలలోంచి ఎక్కే నీరు మాత్రం ఆగలేదు. నడుమెత్తు దాకా సిమెంటు పూస్తే ఆ నీరు సిమెంటు వెనకే పాకి, ఆ పైన తేలుతుంది. ‘పోయినేడు నడుము దాకే ఉండె, ఇప్పుడు భుజం దాకా వచ్చింది’ అని ఇంటివాళ్లు అనేది అందుకే. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి మడులు ఊరి అంచు దాకా వచ్చాయి. వరి వచ్చినందుకు ఎవరూ బాధపడరు. కానీ ఏడాదికి రెండు పంటల కాలం పక్కనే నీళ్లు నిలిచే చోట గోడ నోరు మూయడం మరీ ప్రమాదం.

ఆ సిమెంటు ఎక్కడి నుంచో రాలేదు. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు తవ్వేది అక్కడి నేల కిందున్న సున్నపురాయినే. రాయి అదే, కాల్చే తీరు వేరు, బిగుసుకునే తీరు వేరు. సిమెంటు చెడ్డదని నా మాట కాదు. కొత్త కాంక్రీటు ఇంటికి అది కావాలి. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడకు మాత్రం అది ఇరుకు చొక్కా. హైదరాబాదులో 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు పెట్టుకున్న పెద్ద పనుల్లో ఒకటి, 20వ శతాబ్దంలో మరమ్మతు పేరిట పూసిన సిమెంటును ఊడదీసి మళ్లీ సున్నం వేయడం. సుల్తానుల కట్టడాల్లో తేలిన సంగతే రైతు ఇంటికీ వర్తిస్తుంది.

పాత ఇంట్లో దమ్ము మనిషి ఉంటే ఖర్చుకు దిగే ముందు బయట చూడాలి. అరుగు పక్క మోరీ పూడి ఉందా, కప్పు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా అన్నది మొదటి సంగతి. చాలా ఇళ్లలో చెమ్మ అక్కడే తగ్గుతుంది. తర్వాత ఉబ్బిన సిమెంటును చెక్కేసి గోడను ఒక ఎండాకాలం అలా వదిలేయాలి. చూడటానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు, అడగనివ్వండి. బాగా ఆరాక డంగు సున్నం పలుచటి పొరలుగా వేయించి, ఒక్కో పొర బిగుసుకునేదాకా తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. తొందరపెడితే పగుళ్లు వస్తాయి. చెక్కేటప్పుడు లేచే బూజు దుమ్ములో దమ్ము ఉన్నవాళ్లు ఉండకూడదు, నాలుగు రోజులు ఇంకో ఇంట్లో పడుకోవాలి. ఈ పని తెలిసిన సుతారి ఊళ్లో దొరకకపోతే గుళ్లు, కోటలు మరమ్మతు చేసే చోట అడిగితే దొరుకుతారు. ధర సిమెంటు మేస్త్రీ కంటే ఎక్కువే చెబుతారు, రోజులూ ఎక్కువే పడతాయి.