వరసలో చివరి బండి

గుంపుగా బండ్లు నడపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు లీడు బండి. దాని వెనక ఒకరు లేనులో ఎడమ వారన, ఆ తర్వాత ఒకరు కుడి వారన, మళ్లీ ఎడమన. మన వారనే ముందున్న బండికీ మనకూ కనీసం రెండు సెకన్ల ఎడం. మలుపులో అందరూ ఒకే వరస. గుంత కనిపిస్తే కాలు చాపి వెనకవాడికి చూపించాలి. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద పొద్దున్నే బుల్లెట్లు ఇలా సాగిపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని ఆదివారాలు తిరిగితే ఎవరికైనా పట్టుబడే విద్యే. ఎవరూ ముందుకొచ్చి అడగనిది మాత్రం చివరి బండి పని. దాన్ని స్వీపు అంటారు.

స్వీపు ఎవరినీ దాటకూడదు, ఎవరినీ వెనక వదలకూడదు. ప్లగ్గు పానా, క్లచ్ కేబులు, పంక్చరు సామాను అతని సంచిలోనే ఉండాలి. బండి మొరాయించినవాడి పక్కన ఎండలో నిలబడాలి. అతను హోటలుకు చేరేసరికి వడలు అయిపోయి ఉంటాయి.

మా బృందంలో ఆ పని ఏళ్ల తరబడి నా స్నేహితుడిదే. వాడిది కుడికాలి గేరున్న పాత బుల్లెట్ 350. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కి, డీకంప్రెషర్ నొక్కి పిస్టన్‌ను ఓ పిసరు దాటించి, ఆపైన ఒక్కటే తన్ను. అంతే, అందుకునేది. మేం చెమటలు కక్కుతూ తంతుంటే నవ్వేవాడు. ముందు వెళ్తున్న బండి చప్పుడు వెనక నుంచి విని, దాని ట్యాపెట్లు వదులయ్యాయని చెప్పేవాడు. "సప్పుడు మారిందంటే ఇయ్యాల్నే ఇప్పి సూడాలె. రేపంటే ఇంజను పోతది" అని పోరేవాడు.

ఆ మనిషే, రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్న సంగతి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. భార్య అడిగితే షుగరేమో అన్నాడు. నడుంనొప్పి మొదలైతే నెపం బుల్లెట్ మీదకు నెట్టాడు. పరీక్షలు చేయించేనాటికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది.

మగవాళ్ల ఈ మొండి మౌనం వదిలించడానికే ఒక రైడు ఉంది. దాని పేరు డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్స్ రైడ్. 2012లో సిడ్నీలో మార్క్ హవ్వా అనే ఆయన మొదలుపెట్టాడు. 'మ్యాడ్ మెన్' అనే టీవీ సీరియల్లో డాన్ డ్రేపర్ పాత్రధారి సూటు వేసుకుని పాతకాలపు బండి మీద కూర్చున్న ఫొటో చూసి పుట్టిన ఆలోచన అది. ఇప్పుడు ఏటా మే నెలలో ఒక ఆదివారం, ఎన్నో దేశాల్లో పాత తరహా బండ్లవాళ్లు కోటు వేసుకుని, టై కట్టుకుని బయల్దేరతారు. ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకూ, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ చందాలు పోగుచేస్తారు. హైదరాబాదులోనూ జరుగుతుంది. మే నెలలో సిడ్నీ చల్లబడుతుంది కాబట్టి వాళ్లకు కోటు బాగానే ఉంటుంది. నెక్లెస్ రోడ్డు మీద మన సంగతి వేరే చెప్పాలా!

ఇలాంటివంటే మావాడికి పడేది కాదు. "పెట్రోలుకు పోసే పైసలు సక్కగ ఆస్పత్రికిస్తే అయిపాయె గదరా" అనేవాడు. వాడి లెక్క తప్పేం కాదు. బ్యానరు ముందు ఫొటో దిగి, టిఫిను చేసి ఇంటికొచ్చే చారిటీ రైడుల్లో ఖర్చుకూ దానానికీ పొంతన ఉండదు. కానీ ఈ రైడులో రైడరు తన వాళ్లను ఒక్కొక్కరినే అడిగి చందా తేవాలి. "ఈ సూటు వేషం ఎందుకు బావా?" అంటే జవాబు చెప్పాలి. బామ్మర్దికి, ఆఫీసులోవాళ్లకు, అపార్టుమెంటు వాచ్‌మన్‌కు ప్రోస్టేట్ అనే మాట నోరు తెరిచి చెప్పాల్సి వస్తుంది. నేను చెప్పిన రాత్రే మా బామ్మర్ది మళ్లీ ఫోన్ చేశాడు. పక్కన భార్య లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి, తనకూ అదే ఇబ్బంది అన్నాడు. పరీక్ష చేయిస్తే గ్రంథి వాపే అని తేలింది.

వాడు పోయాక వచ్చిన రైడులో వాడి చోటు ఖాళీగా ఉంచుదామన్నారు కొందరు. చనిపోయిన రైడరు కోసం వరసలో ఒక ఖాళీ వదలడం క్లబ్బుల్లో ఉన్న ఆచారమే. అయితే మధ్యలో మనిషి లేకపోతే ఖాళీ తెలుస్తుంది గానీ, చివరివాడు లేకపోతే ఎలా తెలుస్తుంది? వెనక్కి చూస్తే రోడ్డే కదా ఉండేది. పైగా స్వీపు లేకుండా బయల్దేరడం వాడికి అసలు నచ్చదు. వాడి సంచి నేను తీసుకున్నాను. ఖైరతాబాద్ దగ్గర ఒక కుర్రాడి క్లచ్ కేబులు తెగితే మార్చాం. టిఫిన్లో నాకు ఉప్మా మిగిలింది.

వాడు చెప్పని మాట నేను చెబుతాను. ప్రోస్టేట్ క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు. రాత్రి లేవడం చాలామందిలో వయసుతో వచ్చే గ్రంథి వాపు వల్ల కావచ్చు. ఏదన్నది తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు. యాభై దాటినవాళ్లు పీఎస్ఏ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకాస్త ముందే అడగండి.