‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో రెండు తీర్పులు

హార్పర్ లీ రచించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ 1960లో వెలువడి, మరుసటి ఏడాదే పులిట్జర్ పురస్కారం పొందింది. నిర్దోషియైన నల్లజాతి యువకుడు టామ్ రాబిన్సన్‌పై మోపిన అత్యాచార నేరం, అతని పక్షాన వాదించిన శ్వేతజాతి న్యాయవాది అట్టికస్ ఫించ్ ధీరత ఈ నవలపై విమర్శకు కేంద్రాలయ్యాయి. గ్రెగరీ పెక్ నటించిన 1962 నాటి చలనచిత్రం అట్టికస్‌ను మరింత ముందుకు తెచ్చింది. అయితే నవలలో తీర్పులు రెండున్నాయి. ఒకటి న్యాయస్థానంలో జ్యూరీ ఇచ్చినది. మరొకటి నవల చివర ఫించ్ ఇంటి వరండాలో షెరిఫ్ హెక్ టేట్ ఇచ్చినది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే కథాసంవిధానంలోని అంతరార్థం స్పష్టమవుతుంది.

కథాస్థలం 1930ల నాటి అలబామా రాష్ట్రంలోని మేకొంబ్ అనే కల్పిత పట్టణం. అట్టికస్ కూతురు స్కౌట్ పెద్దయ్యాక తన బాల్యాన్ని తలచుకొంటూ ఈ కథ చెబుతుంది. విచారణలో సాక్ష్యమంతా టామ్‌కు అనుకూలమే. మయెల్లా ఈవెల్ ముఖంపై దెబ్బలు కుడివైపున తగిలాయి. టామ్ ఎడమచేయి చిన్ననాడే పత్తి జిన్ను యంత్రంలో పడి పనికిరాకుండా పోయింది. మయెల్లా తండ్రి బాబ్ ఈవెల్‌ది ఎడమచేతి వాటం. ఇంత తేటతెల్లమైన రుజువును మించి పనిచేసింది టామ్ నోట వెలువడిన ఒక్క మాట. మయెల్లాపై జాలి కలిగి సాయం చేశానని అతడు ప్రాసిక్యూటర్‌కు చెప్పాడు. నల్లవాడు తెల్ల స్త్రీపై జాలిపడడమే మేకొంబ్ దృష్టిలో అసలు నేరం.

రెండవ తీర్పులో సాక్ష్యంతో పనే లేదు. పిల్లలను చంపబోయిన ఈవెల్‌ను పొరుగింటి ఏకాంతవాసి బూ రాడ్లీ హతమార్చాడు. ఈవెల్ తన కత్తిమీద తానే పడ్డాడని షెరిఫ్ తేల్చాడు. అట్టికస్ చివరకు అంగీకరించాడు. ఆ నిర్ణయంలో దయ ఉంది, సందేహం లేదు. కాని బూ కోసం అంత సులువుగా వంగిన చట్టం టామ్ కోసం నిటారుగానైనా నిలబడలేకపోయింది. ఈ వైషమ్యాన్ని కథ మన ముందుంచుతుంది గాని, కథకురాలు దానిని ప్రశ్నించదు.

ఇందుకు కారణం దృష్టికోణంలో ఉంది. టామ్ మొదట జైలు చీకటిలోంచి వినిపించే గొంతు మాత్రమే. అతడు నిండుగా మాట్లాడేది సాక్షిగానే. అతని మరణం ఇతరులు మోసుకొచ్చిన వార్త. వంటమనిషి కల్పూర్నియాకు తమ ఇంటి వెలుపల మరో జీవితం, మరో పలుకుబడి ఉన్నాయని స్కౌట్ పన్నెండవ అధ్యాయంలో, నల్లవారి చర్చికి వెళ్లినప్పుడు గ్రహిస్తుంది. ఆమె ఇంటికి వస్తానని అడుగుతుంది కూడా. మేనత్త అలెగ్జాండ్రా వద్దంటుంది. నవల కూడా ఆ గడప తొక్కదు.

హాని తలపెట్టని పాటల పిట్ట అనే ప్రతీక బూకు సరిపోయినంతగా టామ్‌కు సరిపోదు. అప్పీలు ఉందని అట్టికస్ ధైర్యం చెప్పినా టామ్ ఆగలేదు. జైలు కంచె ఎక్కుతుండగా కావలివారు కాల్చారు, 17 గుండ్లు తగిలాయి. తెల్లవారి చేతిలోని అవకాశాలతో అతడు విసిగిపోయి ఉంటాడని అట్టికస్ ఊహిస్తాడు. ఆ పరుగు మేకొంబ్ న్యాయంపై టామ్ స్వయంగా ఇచ్చిన తీర్పు. నవలలో అది అట్టికస్ ఊహగా, ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది.